గ్లాసు వెనక్కి, ఆకాశం ముందుకు: రూఫ్‌టాప్ బార్ల సోషల్ మీడియా ప్రచారం ఎలా నడుస్తుంది?

హైదరాబాద్‌లో ఉండేవారి ఫోనులో శుక్రవారం సాయంత్రం తప్పకుండా ఎదురయ్యే వీడియో ఒకటుంది. లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది. ఎదురుగా నారింజ రంగు ఆకాశం, తీగలకు వేలాడే పసుపు బల్బులు, చెక్క పలక మీద పొగలు కక్కే పిజ్జా, పిట్టగోడకు అవతల గచ్చిబౌలి వెలుగులు. ‘ఈ వారం ఎవరితో వెళ్తున్నారో ట్యాగ్ చేయండి’ అన్న వాక్యంతో వీడియో ముగుస్తుంది. ఆ చోటు ఒక బార్. ఆదాయంలో పెద్ద వాటా మద్యానిదే. కానీ వీడియోలో సీసా ఉండదు, బ్రాండు పేరు ఉండదు, పెగ్గు ధర ఉండదు. గ్లాసు కనిపించినా అందులో ఏముందో ఎవరూ చెప్పరు.

ఇది చూసినవారికి కొన్ని సందేహాలు రావడం సహజం. మద్యం ప్రకటనలు నిషిద్ధం కదా, మరి ఇదేమిటి? వీడియో చేసిన అమ్మాయికి డబ్బిచ్చారా, భోజనం పెట్టారా? లక్షల మంది చూశారంటే బార్ నిండినట్టేనా? వీటికి ఒక్క మాటలో జవాబు లేదు. చట్టం, వ్యాపారం, ఫోనులోని యాప్ పనిచేసే తీరు ఈ ప్రచారంలో ఒకదానితో ఒకటి అల్లుకుపోయి ఉన్నాయి.

నిషేధం దేని మీద?

మన దేశంలో మద్యం ప్రకటనలన్నింటినీ ఒకే దెబ్బతో నిషేధించే కేంద్ర చట్టమేదీ లేదు. ఉన్నవి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మాధ్యమాల కోసం వచ్చిన నిబంధనలు. టీవీ సంగతి 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనలు తేల్చేశాయి. మద్యం ఉత్పత్తిని గాని, అమ్మకాన్ని గాని, తాగడాన్ని గాని నేరుగా లేదా చాటుగా ప్రోత్సహించే ప్రకటన ఏదీ వేయకూడదు. మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి లైసెన్సు షరతులు, తాగే వయసు, వేళలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. తెలంగాణలో ఈ వ్యవహారాలు చూసే శాఖ పేరు మద్యనిషేధ, ఆబ్కారీ శాఖ. ఒకే బోర్డు మీద నిషేధమూ లైసెన్సూ పక్కపక్కన కూర్చున్నాయి. మద్యం పట్ల మన ప్రభుత్వాల వైఖరి అంతా ఆ పేరులోనే ఉంది.

సోషల్ మీడియాకు దగ్గరగా వచ్చే నిబంధన 2022 జూన్‌లో వచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలను అరికట్టేందుకు కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు అన్ని మాధ్యమాలకూ వర్తిస్తాయి. వాటిలో సరోగేట్ ప్రకటన గురించి ప్రత్యేకంగా చెప్పారు. చట్టం ప్రకటించనివ్వని సరుకును వేరే సరుకు ముసుగులో గుర్తు చేయడమే సరోగేట్ ప్రకటన. విస్కీ కంపెనీ అదే పేరుతో సోడా, మంచినీళ్లు, సంగీత కార్యక్రమాలు ప్రకటించడం అందరం చూసిందే. అయితే పేరు ఒకటే అయినంత మాత్రాన తప్పు కాదని, మిగతా విషయంలో అభ్యంతరకరంగా ఉంటేనే తప్పని కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది.

ఈ నిబంధనలు రాసినవారి మనసులో ఉన్నది ప్రధానంగా మద్యం తయారుచేసే కంపెనీ. బార్ అలాంటిది కాదు. అది లైసెన్సు ఉన్న చోటు. భోజనం, కూర్చునే స్థలం, సంగీతం, మద్యం అన్నీ అక్కడ దొరుకుతాయి. చోటు గురించి చెప్పడానికి అడ్డు లేదు. మద్యం గురించి చెప్పడానికి ఉంది. రెండింటి మధ్య గీత ఎక్కడన్నదే తగువు.

మూడు వాక్యాలు తీసుకుందాం. ‘సూర్యాస్తమయం వేళకు మా డాబా మీద టేబుల్ బుక్ చేసుకోండి’ అంటే అమ్ముతున్నది చోటు, అందులో వివాదం లేదు. ‘ఫలానా విస్కీ ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అంటే మద్యమూ బ్రాండూ రెండూ నేరుగా వచ్చేశాయి. దీన్ని సమర్థించుకోవడం కష్టం. మధ్యలోది ‘మామిడికాయ, పచ్చిమిర్చితో మా కొత్త కాక్‌టెయిల్’ అన్న వాక్యం. బ్రాండు లేదు, ధర లేదు, రాయితీ లేదు. మెనూలోని ఒక వంటకాన్ని పరిచయం చేసినట్టుంది. కానీ అందులో మద్యం ఉందని తెలియనిది ఎవరికి? హైదరాబాద్ పేజీల్లో కనిపించే పోస్టుల్లో చాలా భాగం ఈ మూడో రకానివే. జాగ్రత్తపరులైన యజమానులు అక్కడ కూడా ‘కాక్‌టెయిల్’ తీసేసి ‘సిగ్నేచర్ డ్రింక్’ అని రాయిస్తారు.

రూఫ్‌టాప్ బార్‌కు మామూలు బార్‌కు లేని సౌకర్యం ఇక్కడే ఉంది. చీకటి గది, ఏసీ, కౌంటర్, వెనక సీసాల వరుస తప్ప చూపించడానికి మామూలు బార్‌లో ఏమీ ఉండదు. సీసాలు తీసేస్తే ఫోటో ఖాళీ. మేడ మీది బార్‌కు ఆకాశం ఉంది, నగరం ఉంది, దుర్గం చెరువు వంతెన దీపాలు ఉన్నాయి. చట్టం పరిధిలో ఉంటూనే ప్రచారం చేసుకోగల సరుకు దానికి ఉచితంగా దొరికింది.

డబ్బు కట్టిన ప్రకటన వేరు, మామూలు పోస్టు వేరు

ఇన్‌స్టాగ్రామ్‌లో బార్ కనిపించే దారులు రెండు. మొదటిది డబ్బు కట్టి నడిపే ప్రకటన. దీన్ని ఎవరికి చూపాలో, ఏ వయసువారికి, ఏ ఊళ్లో చూపాలో ప్రకటనదారు ఎంచుకుంటాడు. మద్యాన్ని ప్రస్తావించే ప్రకటనలు స్థానిక చట్టానికి, కనీస వయసు పరిమితికి లోబడాలని ఇన్‌స్టాగ్రామ్ యజమాని సంస్థ మెటా నియమం పెట్టుకుంది. రెండోది మామూలు పోస్టు. ఇది డబ్బు లేకుండా, యాప్ లోపలి లెక్కల ప్రకారం తిరుగుతుంది. బార్ తన ఖాతాకు కనీస వయసు పెట్టుకోవచ్చు. కానీ అతిథి పెట్టిన వీడియోకు గాని, ఇన్‌ఫ్లుయెన్సర్ పెట్టిన రీల్‌కు గాని ఆ పరిమితి అంటదు.

తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి, ఢిల్లీలో 25. హైదరాబాద్ రీల్ ఒకటి ఢిల్లీలోని 22 ఏళ్ల విద్యార్థికీ, కాకినాడలోని పదహారేళ్ల పిల్లవాడికీ చేరవచ్చు. గుమ్మం దగ్గర ఆధార్ కార్డు అడగవచ్చు. రీల్ దగ్గర అడిగేవారు లేరు.

ఇక యాప్ లెక్కల సంగతి. ఒక వీడియో ఎంతమందికి చేరుతుందన్నది ప్రధానంగా మూడింటిని బట్టి ఉంటుందని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పారు: ఎంతసేపు చూశారు, ఎంతమంది ఇష్టపడ్డారు, ఎంతమంది ఇతరులకు పంపారు. కొత్తవారిని చేరుకోవడంలో మూడోదానికి బరువెక్కువ. రూఫ్‌టాప్ బార్ రీల్ సరిగ్గా ఆ మూడోదానికే పుట్టినట్టుంటుంది. బార్‌కు ఒక్కరే వెళ్లేవారు తక్కువ. ఒకరు చూసి, ఆఫీసు మిత్రుల గుంపులో పడేసి, ‘శనివారం?’ అని ఒక్క ముక్క రాస్తారు. ఆరుగురు కదులుతారు.

కొద్ది నిమిషాల వెలుతురు

ఈ రీళ్లు ఎలా తీస్తారో కాస్త దగ్గరగా చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. హైదరాబాద్‌లో నవంబరు చివర సూర్యుడు సుమారు 5.40కి అస్తమిస్తాడు, జులై మొదట్లో దాదాపు 6.55కి. ఫోనులో ఆకాశం రంగూ, బల్బుల వెలుగూ రెండూ సమానంగా పడే సమయం అస్తమయం తర్వాత కొద్ది నిమిషాలే. ఆ వేళకు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగి ఇంకా లాప్‌టాప్ ముందుంటాడు, లేదంటే బయోడైవర్సిటీ కూడలిలో ఎర్రదీపం చూస్తుంటాడు. టేబుళ్లు నిండేది ఎనిమిదిన్నర దాటాకే.

కాబట్టి రీల్‌లో కనిపించే డాబా దాదాపు ఖాళీ డాబా. ముందు టేబుల్ దగ్గర నవ్వుతూ కూర్చున్న నలుగురిలో ఇద్దరు అక్కడి సిబ్బందే కావచ్చు. పిజ్జా మీద జున్ను సాగడానికి మూడోసారి తెప్పించిన ముక్క అది. పక్క టేబుల్ మీద వెలుతురు కోసం మరో ఫోను నిలబెట్టి ఉంటుంది. వెడల్పు కటకంతో తీయడం వల్ల పిట్టగోడకూ నగరానికీ మధ్య ఉన్న నీళ్ల ట్యాంకు ఫ్రేమ్ అంచుకు జారిపోతుంది. డ్రోన్‌తో తీస్తే ఇంకో తిరకాసు: ఆ దృశ్యం డ్రోన్‌కు కనిపించేది, కుర్చీలో కూర్చున్నవారికి కనిపించేది కాదు.

ఇది మోసమా? 2022 మార్గదర్శకాల ప్రకారం ప్రకటన నిజాయితీగా ఉండాలి, అతిశయోక్తితో వినియోగదారుణ్ని పక్కదారి పట్టించకూడదు. సూర్యాస్తమయం నిజమే, డాబా నిజమే, కాబట్టి అబద్ధం లేదని వ్యాపారులు అంటారు. తొమ్మిది గంటలకు వచ్చినవారికి దొరికేది చీకటి, పక్క టేబుల్ పొగ, గట్టి సంగీతం కదా అన్నది ఎదుటి వాదన. పెళ్లిచూపుల ఫోటో లాంటి వ్యవహారం ఇది. రెండు పక్షాలకూ తెలిసే జరుగుతుంది. డ్రోన్ దృశ్యాన్ని ‘మా టేబుల్ నుంచి ఇలా కనిపిస్తుంది’ అని చెప్పినప్పుడు మాత్రం గీత దాటినట్టే.

మూడు లక్షల వీక్షణలు ఎన్ని టేబుళ్లు?

ఈ వ్యాపారంలో ఎక్కువ భ్రమలున్నది అంకెల దగ్గర. కింది లెక్క ఊహించినదే, కానీ యజమాని వేసుకోవలసిన లెక్క ఇలాగే ఉంటుంది.

ఒక ఇన్‌ఫ్లుయెన్సర్‌కు ₹40,000 ఇచ్చారు, ₹6,000 విలువైన విందు పెట్టారు. మొత్తం ఖర్చు ₹46,000. రీల్‌ను 3 లక్షల సార్లు చూశారు. చూసినవారిలో హైదరాబాద్‌లో ఉన్నవారు 35 శాతం అనుకుంటే 1,05,000. మిగతా దాదాపు రెండు లక్షలు విజయవాడ, బెంగళూరు, డల్లాస్‌లలోని వారివి. చూసి సంతోషిస్తారు, రారు. నెల రోజుల్లో ‘రీల్ చూసి వచ్చాం’ అన్న బృందాలు 60. ఒక్కో బృందం బిల్లు సగటున ₹3,500. అంటే ₹2,10,000. సరుకు, పన్నులు, అదనపు సిబ్బంది పోగా 30 శాతం మిగులుతుందనుకుంటే ₹63,000. ఖర్చు తీసేస్తే ₹17,000 లాభం. యజమాని సంతోషించాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ 60 బృందాల్లో రీల్ లేకపోయినా వచ్చేవారు ఎందరు? పక్క ఆఫీసువారు, పాత ఖాతాదారులు, వంతెన దాటుతూ బోర్డు చూసినవారు కూడా రీల్ చూసే ఉంటారు. వాళ్లు 25 బృందాలనుకుంటే రీల్ నిజంగా తెచ్చినవి 35. బిల్లులు ₹1,22,500, మిగులు ₹36,750. అంటే ₹9,250 నష్టం. రీల్ అదే, వీక్షణలూ అవే, ఒక్క ఊహ మారేసరికి లాభం కాస్తా నష్టమైంది.

రూఫ్‌టాప్‌లకు ఇంకో చిక్కు కూడా ఉంది. శనివారం రాత్రి ఎలాగూ చోటుండదు. అప్పుడు వచ్చిన కొత్త బృందం వల్ల పాత బృందం వెనక్కి వెళ్తుందంతే. అసలు విలువ మంగళవారం వచ్చేవారిది. కానీ రీల్ చూసినవారు ‘శనివారం?’ అనే అడుగుతారు. పైగా జూన్ రెండో వారం నుంచి నైరుతి రుతుపవనాలు. వాన పడితే నిల్వ చేసుకుని మర్నాడు అమ్ముకునే వీలున్న సరుకు కాదు కుర్చీ. మేలో వైరల్ అయిన రీల్ ఫలితం జులైలో టార్పాలిన్ కింద కారిపోతుంది.

అందుకే తెలివైనవారు వీక్షణలను పక్కన పెట్టి వేరే గుర్తులు చూస్తారు. రీల్‌లో మాత్రమే చెప్పిన కోడ్ పదాన్ని ఎందరు వాడారు, వాట్సాప్‌లో ఎన్ని విచారణలు వచ్చాయి, గూగుల్ మ్యాప్స్‌లో ‘దారి చూపించు’ ఎందరు నొక్కారు అన్నవి. వీటిలో ఏదీ పూర్తి నిజం చెప్పదు, కానీ లైకుల కంటే తక్కువ అబద్ధాలు చెబుతాయి.

ఉచిత భోజనం కూడా ప్రతిఫలమే

‘నేను డబ్బు తీసుకోలేదు, వాళ్లు పిలిస్తే వెళ్లాను’ అని చాలామంది ఇన్‌ఫ్లుయెన్సర్లు అంటుంటారు. నిబంధనల దృష్టిలో ఆ తేడా లేదు. ప్రకటనల రంగం తనను తాను నియంత్రించుకునేందుకు పెట్టుకున్న ఆస్కి సంస్థ 2021లో, వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన సూచనల సారం ఒకటే. డబ్బు, ఉచిత వస్తువు, విందు, రాయితీ, హోటల్ బస ఏది అందినా సంబంధం ఉన్నట్టే. ఆ సంగతి చూసేవారికి స్పష్టంగా చెప్పాలి. వ్యాపార భాషలో దీన్ని ‘బార్టర్’ అంటారు: నువ్వు రీల్ చెయ్యి, మేం భోజనం పెడతాం.

చెప్పడం అంటే ఎక్కడో ముప్పై హ్యాష్‌ట్యాగుల చివర ఇరికించడం కాదు. ఆస్కి సూచనల ప్రకారం 15 సెకన్లలోపు వీడియోలో ‘ప్రకటన’ అన్న గుర్తు కనీసం 3 సెకన్లు కనిపించాలి; 15 సెకన్ల నుంచి 2 నిమిషాల మధ్య వీడియోలో మూడో వంతు సేపు ఉండాలి. 30 సెకన్ల రూఫ్‌టాప్ రీల్ అయితే 10 సెకన్లు. మీ ఫోనులో అలా కనిపించినవి ఎన్నో మీరే గుర్తు చేసుకోండి. ఆస్కి మాటకు చట్టబలం పరిమితమే. కానీ 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు ₹10 లక్షల వరకు, మళ్లీ చేస్తే ₹50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ప్రచారం చేసినవారిని ఏడాది పాటు, తర్వాత మూడేళ్ల వరకు ప్రచారాలకు దూరం పెట్టవచ్చు.

ఆదాయపు పన్ను కూడా ఇందులోకి వచ్చింది. వ్యాపారం, వృత్తి నిమిత్తం అందే ప్రయోజనాల విలువ ఏడాదిలో ₹20,000 దాటితే ఇచ్చేవారు 10 శాతం పన్ను ముందుగా పట్టుకుని కట్టాలన్న నిబంధన 2022 జులై 1న మొదలైంది. ఉచిత విందులు ఆ లెక్కలోకి వస్తాయని తెలిసి ఉలిక్కిపడ్డవారున్నారు.

సంగీతం మరో బోను. సొంత ఖాతాలో స్నేహితుల వీడియోకు కొత్త తెలుగు పాట తగిలించడం వేరు, బార్ తన వ్యాపార ఖాతాలో తగిలించడం వేరు. వ్యాపార ఖాతాలకు ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే పాటల భాండారం చిన్నది; సినిమా పాటల హక్కులు అందులో ఉండవు. ఇన్‌ఫ్లుయెన్సర్ చేత పాట పెట్టించి, ఆ రీల్‌ను బార్ పేజీలో ఉమ్మడిగా చూపడం ఒక అడ్డదారి. పాట హక్కుదారు దాన్ని ఒప్పుకోవాలని ఏమీ లేదు.

రాత్రి పది తర్వాత రీల్ సాక్ష్యంగా మారుతుంది

రూఫ్‌టాప్ అంటే పైన కప్పు లేని చోటు. ప్రచారంలో అదే ఆకర్షణ, చట్టంలో అదే బలహీనత. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు, శబ్దం చేసే పరికరాలు వాడకూడదు. మూసి ఉన్న ప్రాంగణాల లోపల వాడుకోవడానికి మినహాయింపు ఉంది. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. వాణిజ్య ప్రాంతంలో 65, 55. గాజు తలుపుల లోపలి పబ్బు ‘మూసిన ప్రాంగణం’ అని చెప్పుకోగలదు. ఆకాశం కింద ఉన్న బార్ అలా చెప్పుకోలేదు.

హైదరాబాద్‌లో బార్లు మామూలు రోజుల్లో అర్ధరాత్రి దాకా, వారాంతాల్లో ఒంటిగంట దాకా తెరిచి ఉంటాయి. అంటే మద్యం పోయడానికి అనుమతి ఉండి, ఆరుబయట సంగీతం పెట్టడానికి అనుమతి లేని రెండు మూడు గంటలు ప్రతి రాత్రీ ఉంటాయి. జూబ్లీహిల్స్ నివాసులు వేసిన పిటిషన్ మీద 2022లో తెలంగాణ హైకోర్టు రాత్రి 10 తర్వాత పబ్బుల్లో సంగీతం ఉండకూడదని మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వడంతో ఈ గొడవ పత్రికల మొదటి పేజీకి వచ్చింది. డిసెంబరు 31కి ముందు పోలీసులు ఇచ్చే సూచనల్లో ఆరుబయట డీజేలను 10కే ఆపాలన్నది ఏటా కనిపించే మాట.

ఇక్కడే ప్రచారం ఎదురు తిరుగుతుంది. కింది అపార్ట్‌మెంటులో నిద్రపట్టని పెద్దమనిషి గతంలో ‘శబ్దం వస్తోంది’ అని ఫోను చేస్తే, పోలీసులు వచ్చేసరికి పాట ఆగి ఉండేది. ఇప్పుడు ఆయన బార్ సొంత పేజీ తెరుస్తాడు. డీజే, డాబా, గంతులు, ‘అర్ధరాత్రి దాకా ఆగేది లేదు’ అన్న శీర్షిక, తేదీ, లొకేషన్ అన్నీ బార్ స్వయంగా సమకూర్చి పెట్టింది. కొన్ని బార్లు రాత్రి వీడియోల్లో గోడ గడియారం కనబడకుండా చూసుకుంటాయి. అతిథి పెట్టిన స్టోరీలో సమయం ఎలాగూ ఉంటుంది.

ఫోటోకు అందం, మంటకు మేత

చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పవలసిన విషయం ఇంకొకటి. వెదురు పందిళ్లు, ఎండుగడ్డి కప్పులు, గుడ్డ తెరలు, వందల బల్బుల తీగలు కెమెరాకు చాలా బాగుంటాయి. త్వరగా అంటుకునేవీ అవే. 2017 డిసెంబరు 29న ముంబయి కమలా మిల్స్ ఆవరణలో పైఅంతస్తు రెస్టోబార్లలో రేగిన మంటల్లో 14 మంది చనిపోయారు. పుట్టినరోజు వేడుకకు వచ్చినవారు వారిలో ఉన్నారు. 2023 అక్టోబరులో బెంగళూరులో ఒక రూఫ్‌టాప్ కెఫేలో మంటలు లేచినప్పుడు ఒక వ్యక్తి నాలుగో అంతస్తు నుంచి దూకిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ తర్వాత నగరపాలక అధికారులు పైకప్పు మీది హోటళ్లను తనిఖీ చేయడం మొదలుపెట్టారు.

ప్రచారం వల్ల మంటలు రాలేదు. కానీ పోటీ ఫోటోల మీద నడుస్తున్నప్పుడు ప్రతి ఏడాదీ కొత్త అలంకరణ కావాలి, రెండో మెట్లదారి ఫోటోలో పడదు. పైకప్పు వాడకం కట్టడపు అనుమతిలో ఉందా, మద్యం పోసే చోటు లైసెన్సులో చూపిన ప్రాంగణం లోపలే ఉందా అన్నవి రీల్‌లో తెలిసే విషయాలు కావు.

అతిథి పెట్టిన ఫోటో ప్రకటనేనా?

బార్‌కు జరిగే ప్రచారంలో ఎక్కువ భాగం బార్ చేసేది కాదు. అతిథులే చేస్తారు. రెక్కల బొమ్మ గీసిన గోడ, నియాన్ అక్షరాల వాక్యం, అద్దం ముందు గుండ్రటి దీపం అన్నీ వాళ్లు ఫోటో తీసుకుని, లొకేషన్ తగిలించి పెట్టడానికే. జీతం లేని ప్రచార సిబ్బంది రోజూ వందమంది వస్తారు, పైగా బిల్లు కట్టి వెళ్తారు. వాళ్ల ఫోటోలో బీరు సీసా బ్రాండు పేరుతో సహా కనిపిస్తే? మన దగ్గర అది వ్యక్తిగత పోస్టు. బార్ దాన్ని తన పేజీలో తిరిగి పెట్టుకున్న క్షణం నుంచి ప్రకటన అయ్యే అవకాశం ఉంది.

థాయిలాండ్ 2008లో తెచ్చిన మద్యం నియంత్రణ చట్టం 32వ సెక్షన్‌తో ఈ ప్రశ్నకు చాలా కఠినంగా జవాబిచ్చింది. మద్యం పేరునో గుర్తునో తాగాలనిపించేలా చూపినందుకు 5 లక్షల బాట్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు. కంపెనీలే కాకుండా బీరు ఫోటో పెట్టిన మామూలు మనుషులూ ఇబ్బంది పడ్డారు. విచిత్రమేమిటంటే ప్రపంచంలో అందరూ ఎక్కువగా ఫోటోలు తీసుకునే రూఫ్‌టాప్ బార్లలో కొన్ని బ్యాంకాక్‌లోనే ఉన్నాయి. 63వ అంతస్తు మీది బంగారు గుమ్మటం, కింద చావో ఫ్రయా నది. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లిన పర్యాటకుల ఆల్బముల్లోనూ అదే దృశ్యం. గ్లాసును వెనక్కి నెట్టి ఆకాశాన్ని ముందుకు తెచ్చే పద్ధతి అక్కడి బార్లకు ఎప్పుడో అబ్బింది.

ఫోటో తీసుకునేవారి ఇష్టం సరే, వెనక టేబుల్‌లో ఉన్నవారి మాటేమిటి? ఇంట్లో ‘ఆఫీసులో పని ఉంది’ అని చెప్పి వచ్చినవాడు ఎవరి రీల్‌లోనో నవ్వుతూ కనిపిస్తే అది నవ్వులాటగా చెప్పుకుంటాం. ఒక మహిళా ఉద్యోగి చేతిలో గ్లాసుతో కనిపించి, ఆ వీడియో కింద పదిమంది నోరు పారేసుకుంటే నవ్వు రాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతికి పెద్దపీట వేసింది. గుమ్మం దగ్గర ‘ఇక్కడ వీడియోలు తీస్తారు’ అని అంటించిన చిన్న కాగితం సమ్మతి అవుతుందా అన్నది ఎవరైనా ఫిర్యాదు చేస్తే గాని తేలదు.

ఎవరి వాదనలో ఎంత బలం?

బార్ యజమానుల మాట ఇది: ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చి, భారీ రుసుము వసూలు చేసి, పన్నులు తీసుకుని, ఆ చోటు ఉందని చెప్పుకోవద్దంటే ఎలా? చిన్న యజమానికి హోర్డింగు అందదు, పత్రికలో వేయలేడు. రీల్ ఒక్కటే అందుబాటులో ఉన్న సాధనం. ఈ వాదనలో న్యాయముంది. ప్రకటన పూర్తిగా మూసేస్తే ఇప్పటికే పేరున్నవారికే లాభం.

ప్రజారోగ్య నిపుణుల మాట దీనికి ఎదురు. మద్యం వల్ల కలిగే హానిని తగ్గించడానికి పన్నులు పెంచడం, లభ్యత తగ్గించడంతో పాటు ప్రకటనల మీద ఆంక్షలు పెట్టడం బాగా పనిచేసే చర్యల్లో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సీసా లేని రీల్ ఇంకా ప్రమాదకరమని వీరు అంటారు. సీసా కనిపిస్తే మద్యమని తెలుస్తుంది, ఆకాశమూ స్నేహమూ మాత్రమే కనిపిస్తే మద్యం జీవితంలో మామూలు భాగమైపోతుంది. ఈ వాదనకు బలముంది గాని, దీన్ని చివరిదాకా తీసుకెళ్తే డాబా మీద దీపాల ఫోటోను కూడా నిషేధించాలి. అంతదూరం వెళ్లమనేవారు అరుదు.

నివాసుల ఫిర్యాదు ప్రచారం మీద కాదు, శబ్దం మీద, పార్కింగ్ మీద. కానీ ఒక్క రీల్ వైరల్ అయితే ఇరుకు వీధిలోకి రెండింతల కార్లు వస్తాయని వారికి తెలుసు. లైసెన్సు ఇచ్చేటప్పుడు లెక్కవేసిన జనం వేరు, అల్గారిథమ్ పంపే జనం వేరు. నాకు ఈ మూడింటిలో అందరికన్నా తక్కువ వినిపించే, జవాబు చెప్పడానికి ఎక్కువ కష్టమైన మాట ఇదే అనిపిస్తుంది.

ఇన్ని నిబంధనలున్నా అమలు ఎందుకు పల్చగా ఉందంటే, వ్యవస్థ అంతా ప్రధానంగా ఫిర్యాదు మీద ఆధారపడి నడుస్తుంది. ప్రకటన అన్న గుర్తు లేకపోతే ఆస్కికి గాని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గాని ఎవరో ఒకరు చెప్పాలి. ‘ఇంకా 5 టేబుళ్లే మిగిలాయి’ లాంటి కృత్రిమ తొందరను 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల (వినియోగదారుణ్ని మభ్యపెట్టే ఎత్తుగడల) మార్గదర్శకాలు తప్పుపట్టాయి; దాన్ని కూడా చూసినవారే పట్టించాలి. రాయితీలు, బ్రాండు పేర్లు, ఉచిత డ్రింకుల రాత్రులు ఇవన్నీ శాశ్వతంగా ఉండే పోస్టులో కనబడవు. స్టోరీలో పెడతారు. స్టోరీ 24 గంటల్లో పోతుంది. ఎవరూ స్క్రీన్‌షాట్ తీసి ఉంచకపోతే ఫిర్యాదులో చూపించడానికి ఏమీ మిగలదు.